కుడి అంచు

చీర నడింట్లో చాప మీద పరిచి ఉంది. చుట్టూ ముగ్గురు నిలబడి ఉన్నారు. ముందుగా నోరు తెరిచే ఉద్దేశం ముగ్గురిలో ఎవరికీ ఉన్నట్టు లేదు.

వంకాయ రంగు చీర, నిమ్మపండు రంగు అంచులు. ఎడమ అంచు గీత గీసినట్టు సాపుగా ఉంది. కుడి అంచు మాత్రం ముడుచుకుపోయి, చీర మొత్తాన్ని తన వైపు లాక్కుంది. తిన్నగా పరుచుకోవాల్సిన చీర వంకర తిరిగి పడుకుంది.

తెచ్చిన మనిషి గడప దాటకుండానే కబురు చెప్పి వెళ్లిపోయాడు. "ఇది చీరనా, కొడవలా అని అడగమన్యాడు మా సావుకారు."

చివరికి వెంకటలక్ష్మమ్మే నోరు తెరిచింది. ఆ ఇంట్లో నిశ్శబ్దాలన్నిటికీ ముగింపు పలికేది ఆవిడే.

"నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పట్నుంచి, ఈ మగ్గం మీద దిగిన చీర తిరిగి గడప తొక్కలేదు. ఈ పొద్దు తొక్కింది. సంతోషమేనా?"

జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో అందరికీ తెలుసు. ధర్మవరంలో ఇట్లాంటి చీర ఒక్క చేత్తో అయ్యే పని కాదు. చీర ఒంటికీ ఎడమ అంచుకీ, అడ్డపోగును అటూ ఇటూ లాగే నాడె వేసేది వెంకటలక్ష్మమ్మ కొడుకు జయరాముడు. కుడి అంచుకు వేరే నాడె, వేరే మనిషి. ఎనిమిదేళ్లుగా ఆ మనిషి అతని పెళ్లాం చౌడేశ్వరి. మగ్గం గుంతలోకి కాళ్లు దించి, మొగుడి కుడి పక్కన కూచుని, అతను ఒంటిపోగు వేసినప్పుడల్లా ఆమె అంచుపోగు వేస్తుంది. కాబట్టి దొంగ ఎవరని వెతికే శ్రమ ఎవరికీ లేదు.

జయరాముడు చీర పక్కన గొంతుక్కూచున్నాడు. కుడి అంచు మొదట్నుంచీ చూపుడువేలు పెట్టి, పుస్తకం చదివేవాడిలా మెల్లగా జరిపాడు.

"ఈడిదాకా బాగుండాది," అన్నాడు. వేలు జరిగింది. "ఈడ బిగిసింది." ఇంకొంచెం జరిగింది. "ఈడ సడలింది. మల్లా ఈడ బిగిసింది. ఈడ శానా బిగిసింది."

అతని పెదవులు కదులుతున్నాయి. రోజుకు మూర లెక్కన వెనక్కి నడిచి, బిగువు మొదలైన చోట ఆగాడు. తలెత్తి పెళ్లాన్ని చూశాడు.

"నువ్వు హిందూపురం నుంచి వచ్చిన మర్నాడు," అన్నాడు.

చౌడేశ్వరి మొగుడి వేలునే చూసింది. అక్క బిడ్డకు పేరుపెడతాండారని చెప్పి హిందూపురం పోయింది. పేరు నిజంగానే పెట్టారు. ఆ పెట్టే గంటలో తను ఆడాళ్ల ఆస్పత్రిలో తెర వెనకాల పడుకుని ఉంది. ఆ సంగతి అక్కకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది. పట్టుపోగుకు కడుపులో మాట దాచుకునే అలవాటు లేదని మాత్రం తట్టలేదు.

"చెయ్యి నొప్పేమోలే," అన్నాడు జయరాముడు. అతను పెళ్లానికి అందించిన తాడు అది. పట్టుకుంటే గట్టెక్కవచ్చు.

"చెయ్యి నొప్పైతే చెప్పాల గదా," అంది అత్త. "ఆముదం కాచి పోసేదాన్ని గదా."

చౌడేశ్వరి ఆ తాడును ఒక్క క్షణం చూసింది. చెయ్యి నొప్పి అంటే ఆముదం, కాపడం, పది రోజులు మగ్గం దిగడం. పది రోజుల తర్వాత మళ్లీ అదే బిగువు, మళ్లీ అదే అబద్ధం. ఇరవై నెలలుగా అబద్ధాలు చెప్పి చెప్పి ఆమెకు విసుగొచ్చింది.

"చేతికి గాదత్తా. కింద."

"కిందంటే?"

"కిందంటే కిందే."

జయరాముడికి ఉన్నట్టుండి ఎడమ అంచు మీద అపారమైన శ్రద్ధ పుట్టింది.

"చిన్నోడు పుట్టినప్పట్నుంచి," అంది చౌడేశ్వరి, గోడ మీది మేకును చూస్తూ. "దగ్గితే ఆగదు. తుమ్మితే ఆగదు. నీళ్ల బిందె ఎత్తితే ఆగదు. మగ్గం మీద నుంచి మాటిమాటికీ లేస్తానని తిడతాంటివి గదా. అందుకే లేచేది. ఆస్పత్రికి పోయి చూపించుకుంటి. కాన్పులతో లోపలి కండలు వదులైనాయి, ఆపరేషను అక్కరలేదు, కసరత్తు చేస్తే మూణ్ణెల్లకు పట్టుకుంటాయి అనింది డాక్టరమ్మ. ఆడ హజరాబీ అని ఒక నర్సమ్మ ఉండాది. ఆమె నేర్పించింది."

"ఏం నేర్పించింది?"

"బిగించేది."

"ఏం బిగించేది?"

చౌడేశ్వరి అత్త ముఖంలోకి చూసింది. చెప్పకుండానే అత్తకు అర్థమైంది. వెంకటలక్ష్మమ్మ ఎర్రటి మనిషి, ఇంకా ఎర్రబడింది.

"ఏడు కాన్పులైనాయి నాకు! ఎవరి కాడా బిగించేది నేర్చుకోలేదు!" ఆ గొంతు గోడవతలి రెండిళ్లకు చేరింది. మూడో ఇంట్లో రాట్నం ఆగిన చప్పుడు కూడా వినిపించింది. "ఆ పని మగ్గం మీద కూచుని చేస్తాంటివా? అమ్మవారి చోట్లో? పేరేమో చౌడేశ్వరి. అమ్మవారి పేరు పెట్టుకుని, అమ్మవారి చోటు తడిపేది, దానికి తోడు ఈ విద్య!"

"చోటు తడపలేదు. చాప తడిసింది. రెండుసార్లు. ఉతికినా."

"రెండుసార్లా!"

అబద్ధం మానేసిన మనిషికి ఎక్కడ ఆగాలో తెలియదు. చౌడేశ్వరికి ఆ అనుభవం కొత్త.

వెంకటలక్ష్మమ్మ చీరను మడవకుండానే చుట్టి చంకలో పెట్టుకుంది. "రేపట్నుంచి నువ్వు ఆ చోట్లో కూచోవద్దు. ముదిగుబ్బకు కబురు పంపుతా. మా తమ్ముని కూతురు సుబ్బలక్ష్మి పుట్టింట్లో ఊరికే ఉండాది, మొగుడు బెంగళూరు మిల్లుకు పోయినాడు. అంచు నాడె దానికి చిన్నప్పట్నుంచి తెలుసు. అది వచ్చి కూచుంటాది. నువ్వు వంటింట్లో ఏం బిగించుకుంటావో బిగించుకో."

ఆ మాటకు జయరాముడు ఏదో అంటాడని చౌడేశ్వరి ఎదురుచూసింది. అతను ఎడమ అంచున్న చోట నేలను చూస్తూనే ఉన్నాడు. చీర వెళ్లిపోయి అప్పటికే చాలాసేపైంది.

*

చౌడేశ్వరి పెరట్లో తడిపట్టు ఆరేస్తున్న మొగుడి వెనకాల పోయి నిలబడింది.

"నాకు ఒళ్లు బాగలేదని కోపమా, చెప్పలేదని కోపమా?"

"చీర బిగిసిందని కోపం," అన్నాడు జయరాముడు.

అబద్ధం చెప్పడం చేతగాని మనిషి. చౌడేశ్వరికి నవ్వొచ్చింది, ఏడుపు రావాల్సిన చోట.

అతను పట్టును దండెం మీద సర్దుతూ, దండెంతోనే మాట్లాడాడు. "బాగైతాదా?"

"మూణ్ణెల్లు చెయ్యమన్యారు. పదైదు రోజులు చేస్తి. బాగయ్యేది అట్లుండనీ, ఇంకా ఎక్కువైంది. నడుం కింద ఎప్పుడూ పట్టేసినట్టు నొప్పి."

"మరి మానెయ్."

"మానను. యాడో తప్పు చేస్తాండా. పోయి అడిగొస్తా."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున బండికి."

"అమ్మకు ఏమని చెప్తావు?"

"హిందూపురం ఆస్పత్రికి పోతాండా అని చెప్తా."

జయరాముడు దండెం వదిలి ఆమెను చూశాడు. ఉన్నది ఉన్నట్టు అమ్మకు చెప్పడం ఇంట్లో ఎవరూ వాడని దారి. అసలు అట్లాంటి దారి ఒకటి ఉందనే అతనికి స్ఫురించినట్టు లేదు.

"ఎల్లుండికి సుబ్బలక్ష్మి వచ్చేస్తాది," అన్నాడు.

"రానీ. అన్నం పెడతా, పడుకునేదానికి చాప ఇస్తా. నా చోటు ఇయ్యను." ఇంకా కొంచెం దగ్గరికి వచ్చింది. "ఎనిమిదేండ్లు నీ పక్కన కూచుంటి. ఆ చోట్లో నేను లేకుంటే ఈ ఇంట్లో నేను యాడుంటానో నువ్వే చెప్పు. పొయ్యి కాడనా, అంట్ల కాడనా?"

జయరాముడు తడిపట్టును ఇంకోసారి దులిపాడు. ఆ దులపడంలో జవాబు ఉందేమోనని చౌడేశ్వరి చాలాసేపు చూసింది. నీటి చుక్కలు తప్ప ఏమీ రాలలేదు.

*

హజరాబీ లావుపాటి మనిషి. ఎంతటి సిగ్గుపడే సంగతినైనా, కూరకు ఉప్పు చాలిందా అన్నంత మామూలుగా అడగగలదు.

"ఎన్నిసార్లు చేస్తాండావు?"

"నాడె వేసినప్పుడంతా."

"నాడె దినానికి ఎన్నిసార్లు వేస్తావు?"

"మూర నేస్తే వెయ్యి పైమాటే అక్కా."

హజరాబీ చేతిలోని దూది పక్కన పెట్టింది. "ఎంత?"

"వెయ్యి పైమాటే."

"నేను ఎంత చెప్తి?"

"పూటకు పది. మూడు పూటలు."

"మరి ముప్ఫై వెయ్యి ఎట్లయింది?"

చౌడేశ్వరి తల వంచుకుంది. "బిరీన బాగైతాదని. మగ్గంలో అంతే గదా అక్కా. వెయ్యి పోగులేస్తే మూర, రెండు వేలేస్తే రెండు మూరలు. దినానికి ముప్ఫై చేస్తే మూణ్ణెల్లు పట్టే పని, వెయ్యి చేస్తే మూడు దినాల్లో అయిపోవాల గదా."

హజరాబీ నవ్వింది. మొదట మామూలుగా నవ్వింది, తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తెర ఊగింది. తెర అవతలి మంచం మీది ముసలామె, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది.

"లెక్క బాగుండాది తల్లీ," అంది కళ్లు తుడుచుకుంటూ. "నీ కండకు లెక్కలు రావు, అదీ తంటా. దినమంతా మూటలు మోయించినావు దాంతో. నడ్డి విరిగి పడుకుంది. పడుకున్నదానికి ఏం పట్టు ఉంటాది? అందుకే ఇంకా ఎక్కువైంది. ఏదీ, ఒక్కసారి చెయ్యి, చూస్తా."

చౌడేశ్వరి బల్ల మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. హజరాబీ పొట్ట మీద అరచెయ్యి పెట్టింది.

"ఊపిరి యాడికి పోయింది?"

చౌడేశ్వరి జవాబు చెప్పలేకపోయింది. ఊపిరి బిగబట్టి ఉంది.

"పండ్లెందుకు కొరుకుతాండావు? ఆ పిడికిళ్లేంది? మోకాళ్లు ఎవరు దగ్గరికి తెమ్మనిరి? నేను ఒకామెను పిలిస్తే వీధి వీధంతా లేచి వచ్చినట్టుండాది. పిలిచినామె ఉండనీ, తక్కినోళ్లందరినీ ఇండ్లకు పంపు."

అప్పుడు తెలిసింది చౌడేశ్వరికి, కుడి అంచు సంగతి. లోపల ఒక చోట బిగించబోయి ఒళ్లంతా బిగించింది. ఆ బిగువు భుజానికి, భుజం నుంచి చేతికి, చేతి నుంచి పోగుకు పోయింది.

"పైకి లెక్కపెట్టు," అంది హజరాబీ. "గట్టిగా. పైకి లెక్కపెట్టే మనిషి ఊపిరి బిగబట్టలేదు."

"ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు."

"ఇప్పుడు వదులు. వదిలి పది లెక్కపెట్టు."

"వదిలినప్పుడు ఏం చెయ్యాల?"

"ఏమీ చెయ్యగూడదు."

"ఏమీ చెయ్యకుండా ఉండేది నాకు చేతగాదక్కా."

"సంసారం చేసే ఏ ఆడదానికీ చేతగాదులే. నేర్చుకో. సగం మందు అదే."

మొదటిసారి వదలడం రాలేదు. రెండోసారి సగం వదిలి, మిగతాది దేనికైనా పనికొస్తుందేమో అన్నట్టు దాచుకుంది. ఆరోసారికో ఏడోసారికో, పదిహేను రోజులుగా పట్టి ఉన్నదేదో తనంతట తానే జారి సర్దుకుంది. నడుం కింది నొప్పి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టైంది.

"మగ్గం దిగేటప్పుడు పడుగును సడలించి దిగుతాం," అంది చౌడేశ్వరి కళ్లు తెరిచి. "ఇదీ అట్లనేనా?"

"నాకు మగ్గం తెలీదు. సడలించకుంటే ఏమైతాది?"

"పొద్దునకు పోగులు తెగుతాయి."

"ఇంత తెలిసినదానివి, వెయ్యిసార్లు..." హజరాబీకి మళ్లీ నవ్వొచ్చింది, దిగమింగుకుంది. "ఒక వారం ఏమీ చెయ్యొద్దు. తర్వాత పడుకుని పూటకు పది. దగ్గొస్తాదని, తుమ్మొస్తాదని తెలిసినప్పుడు ముందే ఒకసారి పట్టు. ఉచ్చ పోసేటప్పుడు మధ్యలో ఆపి చూసుకునేది మాత్రం వద్దు. అది ఆ కండ యాడుండాదో తెలుసుకునేదానికి ఒకసారి చెప్తిని, అంతే. నీళ్లు ఎన్ని తాగుతాండావు?"

"రెండు లోటాలు."

"పూటకా?"

"దినానికి."

ఈసారి హజరాబీ నవ్వలేదు. తిట్టింది. తెలుగు చాలక ఉర్దూలో కూడా తిట్టింది. నీళ్లు తాగకుంటే ఉచ్చ మండుతుందనీ, మండితే ఇంకా ఆగదనీ, ఆ సంగతి ఊళ్లో ఆవులకు తెలుసు, ఆడాళ్లకు తెలియదనీ అంది.

లేచి చీర సర్దుకుంటూ, చౌడేశ్వరి అసలు అడగాల్సింది అడిగింది. "నేను మగ్గం దిగాల్నా అక్కా?"

"ఎవరు చెప్పిరి?"

"మా అత్త."

"మీ అత్త ఏ ఆస్పత్రిలో చదివింది? కూచునే ముందు పోయిరా. రెండు గంటలకొకసారి లేచిరా. మగ్గం మీద కసరత్తు మాత్రం చెయ్యొద్దు. నాడె వేసేది చెయ్యి. ఆ పని చేతికే వదిలెయ్."

*

పెనుకొండలో బండి ఆగినప్పుడు సీతాఫలాల బుట్టలు కిటికీల్లోకి ఎగబడ్డాయి. చౌడేశ్వరి సీతాఫలం కొనలేదు. నీళ్లిచ్చే ముసలాయన దగ్గర పెద్ద లోటా నిండుగా పట్టించుకుని, కొండ వైపు చూస్తూ గటగటా తాగింది. ప్రయాణంలో నీళ్లు తాగి ఇరవై నెలలైంది.

ధైర్యం అనేది బండి కదిలాక పరీక్షకు వస్తుంది. ఆడాళ్ల పెట్టెలో ఆ మూలనున్న మరుగుదొడ్డి తలుపుకు అడ్డంగా ఎవరో వేరుశనగ మూటలు పేర్చారు. మూటల మీద మూటల యజమానురాలు పడుకుని గురక పెడుతోంది.

రెండు స్టేషన్లు దాటేసరికి కడుపు బరువెక్కింది. పాత చౌడేశ్వరి అయితే పళ్లు బిగించి, ఊపిరి బిగించి, బల్ల అంచు పట్టుకుని, దేవుళ్లందరికీ తలా ఒక టెంకాయ మొక్కుకునేది. ఇప్పుడు పళ్లు వదిలింది. భుజాలు వదిలింది. హజరాబీ చెప్పినట్టు లోపల ఆ ఒక్కదాన్నే పిలిచింది. పైకి లెక్కపెట్టింది.

పక్కనున్న గోరంట్ల ఆమె వింతగా చూసింది. "ఏమమ్మా, ఏం లెక్కపెడతాండావు?"

"స్టేషన్లు."

"ఉండేది మూడే గదమ్మా. నువ్వు పది దాటిస్తివి!"

ధర్మవరంలో దిగి ఇంటికి నడిచి, పెరట్లోకి పోయి చూసుకుంది. మడిచి కట్టుకున్న గుడ్డ కొంచెం తడిసింది. పోయినసారి ఇదే దారిలో చీర తడిసింది, లంగా తడిసింది, కళ్లు తడిశాయి. ఆ లెక్కన ఇది గెలుపే. ఎవరితోనైనా చెప్పుకునే గెలుపు కాదు కాబట్టి, ముఖం కడుక్కుని బియ్యం ఏరడానికి కూచుంది.

వెంకటలక్ష్మమ్మ ఆ సాయంత్రమంతా ఒక్క మాటే మాట్లాడింది. అదీ గోడతో.

"ముదిగుబ్బ బస్సు రేపు పదకొండుకు వస్తాది."

*

పొద్దున్నే చౌడేశ్వరి తలకు పోసుకుంది. మగ్గానికి పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. చాప పరిచి, గుంతలోకి కాళ్లు దించి, తన చోట్లో కూచుంది. పడుగును పనికి తగ్గట్టు బిగించింది. తన భుజాలను మాత్రం వదులుగా ఉంచుకుంది.

జయరాముడు వచ్చి గుంత పక్కన నిలబడిపోయాడు. అతని వెనకాల వాకిట్లో వెంకటలక్ష్మమ్మ ప్రత్యక్షమైంది. ఆవిడ వస్తే వాకిలి మూసినట్టే.

"లే."

"లేవనత్తా."

"మల్లా చాప తడిపితే?"

"ఉతుకుతా. ఎండేస్తా. ఇంకో చాప పరుచుకుంటా. పిల్లోడు చాప తడిపితే పిల్లోన్ని పారేస్తామా?"

"పట్టు మీద పడితే?"

"పట్టు నా ముందర ఉండాదత్తా. కింద లేదు."

జయరాముడి గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఒక చప్పుడు వచ్చింది. అమ్మ ఇటు తిరగగానే అది దగ్గు అయింది.

"మాటలకేం తక్కువ లేదు," అంది వెంకటలక్ష్మమ్మ. "అంచు మల్లా బిగిస్తే?"

"అది అడుగు. అది అడిగే హక్కు నీకుండాది." చౌడేశ్వరి గొంతు మెత్తబడింది. "బిగిసింది నా తప్పే. యాడ తప్పు చేస్తినో తెలుసుకుని వచ్చినా. కొలువు. బెత్తెడు బెత్తెడుకూ కొలువు. రెండంచులూ సమానంగా రాకుంటే నువ్వు లే అనేదాకా ఉండను, నేనే లేస్తా. అంతే గానీ నా చేతిని వదిలిపెట్టి నా ఒంటికి పరీక్ష పెట్టొద్దు."

వెంకటలక్ష్మమ్మ కొడుకు వైపు తిరిగింది. ఇట్లాంటప్పుడు ఆవిడ వెతుక్కునేది కొడుకునే.

"ఏమిరా జయరామా. నోట్లో ఏం పెట్టుకున్యావు? నువ్వు చెప్పు. ఎవరు కూచోవాల ఆడ?"

జయరాముడు గుంతలోకి దిగాడు. పెళ్లాం ఎడమ పక్కన తన చోట్లో సర్దుకున్నాడు. నాడె చేతిలోకి తీసుకుని, దాని మొన వేలితో తడిమి చూశాడు. అమ్మను చూడలేదు. పెళ్లాన్నీ చూడలేదు.

"అమ్మా, వెలుతురుకు అడ్డం నిలబడినావు," అన్నాడు.

వాకిట్లో ఎవరో గుండె మీద తోసినట్టు వెంకటలక్ష్మమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. వెలుతురు పడుగు మీద పడింది. అతను తొక్కాడు, నాడె వేశాడు. ఆమె వేసింది. మగ్గం ఆడింది.

ఆ పొద్దు రెండు గంటల తర్వాత చౌడేశ్వరి ఒకసారి లేచి పెరట్లోకి పోయి వచ్చింది. ఎవరికీ సాకు చెప్పలేదు. చెంబు తీసుకుని, పోతాండా అన్నట్టు నడిచి వెళ్లింది. వచ్చి కూచుంది. నీళ్లు తాగింది.

బెత్తెడు దిగాక వెంకటలక్ష్మమ్మ నూలుపోగు తెచ్చింది. వంగి ఎడమ అంచు కొలిచింది, కుడి అంచు కొలిచింది. నమ్మకం లేక మళ్లీ కొలిచింది. పోగును వేలికి చుట్టుకుంటూ నిటారుగా నిలబడింది.

"బెత్తెడే గదా," అంది. "చీరంటే బెత్తెడు గాదు."

చౌడేశ్వరి ఆ మాటను పతకంలా మెడలో వేసుకుని పని చేసుకుంది.

పదకొండు దాటాక వాకిట్లో గాజుల చప్పుడైంది. చంకలో ఐదు నెలల పసిబిడ్డ, భుజానికి గుడ్డసంచి, ముఖాన ముదిగుబ్బ దారి దుమ్ము. ఇరవై దాటని పిల్ల.

"రామ్మా సుబ్బలక్ష్మీ!" వెంకటలక్ష్మమ్మ గొంతులో ఎన్నడూ లేని బెల్లం. "కాళ్లు కడుక్కో. ఇంత మజ్జిగ తాగు. నీ చోటు చూపిస్తా."

సుబ్బలక్ష్మి కూచోలేదు. సంచి దించలేదు. బిడ్డను అత్త చేతుల్లో పెట్టి, ఒక మోకాలి మీదికి ఇంకో మోకాలు తెచ్చి, పెదవి కొరికి నవ్వింది.

"అక్కా," అంది చౌడేశ్వరితో, అందరినీ వదిలేసి. "పెరడు యాడుండాది?"

నిండు బిందె మోసేదానిలా పొట్టి పొట్టి అడుగులు వేసుకుంటూ నడింటిని దాటింది. పెరటి గడప దగ్గర దగ్గు వచ్చింది. దగ్గి, గోడ పట్టుకుని, ఉన్నచోట కొయ్యలా నిలబడిపోయింది. తర్వాత కుచ్చిళ్లు చేత్తో కూడగట్టుకుని బయటికి పోయింది.

"బస్సులో అలిసిపోయింది పాపం," అంది వెంకటలక్ష్మమ్మ, బిడ్డను ఊపుతూ.

చౌడేశ్వరి చేతిలో నాడె ఆగింది. ఆ నిలబడటం ఆమెకు తెలుసు. ఆ గోడ పట్టుకోవడం తెలుసు. తను ఏమీ చెయ్యనక్కరలేదు. ఈ పిల్లను రేపు ఈ చాప మీద కూచోబెడితే, తన చోటు నాలుగు రోజుల్లో తనకే తిరిగి వస్తుంది. నోరు మూసుకుంటే చాలు.

ఇరవై నెలలు నోరు మూసుకుంది. అది ఎంత బరువో కూడా తెలుసు.

నాడెను పడుగు పక్కన పెట్టింది. "వస్తా," అంది మొగుడితో. "పోగు ముట్టుకోవద్దు." చెంబూ ఉతికిన గుడ్డా తీసుకుని పెరట్లోకి పోయింది.

సుబ్బలక్ష్మి బావి గట్టు దగ్గర గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది. చౌడేశ్వరి చేతిలోని గుడ్డను చూడగానే ముఖం పాలిపోయింది.

"అత్తకు చెప్పొద్దక్కా. నీ కాళ్లు పట్టుకుంటా. పనికి పనికిరానని వెనక్కి పంపిస్తాది. మా నాయన ఇంట్లోకి రానియ్యడు. ఆడ పెట్టే దిక్కు లేకనే వచ్చినా."

"చెప్పను. కట్టుకో ముందు. ఎన్నాళ్లనుంచి?"

పిల్ల నోరు తెరిచింది.

లోపల మగ్గం ఆడింది.

చౌడేశ్వరి తల తిప్పింది. ఒంటిపోగు పడిన చప్పుడు. వెంటనే కుడి వైపు నుంచి అంచుపోగు పడిన చప్పుడు. ఒకటి కాదు. వరసగా మూడు, నాలుగు. తడబాటు లేని చెయ్యి, ఆ చోట్లో ఏండ్ల తరబడి కూచున్న చెయ్యి.

ఇంట్లో ఆ నాడె వెయ్యగలిగిన మనిషి ఇంకొకతే ఉంది. ఎనిమిదేళ్ల కింద ఆ చోటును కోడలికి ఇచ్చి లేచింది.

అత్త ఒడిలోని పసిబిడ్డ నవ్వు పెరటిదాకా వినిపించింది. మగ్గం ఆగలేదు.